తెల్లబోయిన చోటు

భాద్రపద బహుళ పాడ్యమి

మబ్బు లేదు. ఆకాశంలోని అద్దం వేళకే వచ్చి సూర్యుడి పక్కన నిలబడింది. డ్యూటీ ఎక్కగానే మేడ మీది కెమెరా కిటికీకి పట్టిన ఉప్పు తుడిచాను. ఆ తడిగుడ్డకి నా వాటా నీళ్ళలోంచే ఒక గుక్కెడు పోతుంది. ఈ సంగతి మా ఇన్‌ఛార్జి పట్నాయక్ గారికి ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకుంటారు. ఆయన నవ్వు తాగితే దాహం తీరదు.

గట్టు మీది మా ఊరంతా తాగేది ఈ ఉప్పు మడి నీళ్ళే. బండ మీద సముద్రపు నీటిని చిమ్మి, అద్దంతో దాని మీదికి నిండు వెలుగు దించితే ఆవిరి గొట్టాల్లోకి వెళ్ళి తీపి నీరవుతుంది. నిండు వెలుగు పడ్డాక బండ మీద ఉప్పు తప్ప ఏదీ మిగలదు. ఎవరో మరిచిపోయిన ఇనప బకెట్ ఒకటి సాయంత్రానికి మరకై కనిపించింది. అందుకే ముందు పల్చటి వెలుగు వేయించుకుని, ఫోటో తీసి, ఎవరూ లేరని చూసుకుని, కొండ మీద కూర్చుని అద్దాన్ని తిప్పేవాళ్ళకి ఫోన్లో "మడి ఖాళీ" అని చెప్పాలి. ఆ రెండు ముక్కలు చెప్పడమే నా ఉద్యోగం. చెప్పకపోతే పల్చటి వెలుగు కాసేపు చూసి దానంతటదే తప్పుకుంటుంది, ఊరికి ఆ పూట నీళ్ళుండవు.

ఫోటో ఒకటి చాలదు. పల్చటిదని పేరే గానీ నల్లద్దాలు లేకుండా చూస్తే ఆ వెలుగుకి కళ్ళు పోతాయి. గట్టు, గొట్టాలు, బండ మీదికి వెళ్ళే నడక పలక కనిపించేటట్టు తీస్తే బండ తెల్లగా పోతుంది. బండ కనిపించేటట్టు తీస్తే మిగతాదంతా బొగ్గు. కాబట్టి ఎక్కువ వెలుగు నుంచి తక్కువ వెలుగు దాకా ఒకదాని వెంట ఒకటి ఐదు తీసి, దేనిలో ఏది బాగా పడిందో అది తీసుకుని ఒక్కటిగా అతుకుతాం. వెలుగు ఎక్కువై వివరం చెరిగిపోయిన చోటును మా పనిలో 'తెల్లబోయింది' అంటాం. తెల్లబోయిన చోటును ఎంత నల్లగా లాగినా బూడిద రంగు తప్ప ఏమీ రాదు. అక్కడ ఏముందో అన్నిటికంటే తక్కువ వెలుగుతో తీసిన చీకటి ఫోటోకే తెలుసు. దాన్ని తెచ్చి అతకాలి. తొందరపడి అతికితే చుట్టూ బూడిద అంచు పడుతుంది. నేను అతికితే పడదు, ఆ పొగరు నాకుంది.

ఇక దయ్యాలు. ఐదు ఫోటోలు తీసేలోపు ఒక సముద్రపు కాకి అడ్డంగా పోతే, అది ఒక ఫోటోలో ఉండి మిగతా నాలుగింటిలో ఉండదు. అతికితే పొగలాగా సగం కనిపిస్తుంది. దాన్నే దయ్యం అంటాం. ఒక్క ఫోటోలోనే ఉన్నది దయ్యం, రెండింటిలో ఉన్నది నిజం అని మిషనుకి నేర్పారు. అది దయ్యాన్ని తుడిచి ఆ చోట పక్కనున్న ఉప్పు రంగు నింపేస్తుంది. రోజూ పొద్దున్న పట్నాయక్ గారు మెట్ల కింది నుంచి "సన్యాసమ్మా, దయ్యాలు పోయాయా?" అని అడుగుతారు. పోయాయి సార్ అంటాను.

ఈ రోజు పోయిన దయ్యం కాకిలా లేదు. చీకటి ఫోటోలో, బండ నడిమధ్య, నిలువుగా ఉంది. మిషను తుడిచేసింది. మడి ఖాళీ అని చెప్పాను.

బహుళ తదియ

నిన్న కూడా కనిపించింది. కిటికీ మీద మరకేమోనని రెండుసార్లు తుడిచాను, అంటే రెండు గుక్కలు. ఈ రోజు వెలుగు వేయకముందే నేనే దిగి నడక పలక మీదుగా బండ మీదికి వెళ్ళి చూశాను. ఉప్పు గోకే వాళ్ళు పని ముగించుకుని పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. బండ మీద ఈగ కూడా లేదు. పైకి వచ్చి ఫోటోలు తీశాను. మనిషి ఉన్నాడు.

మనిషి అని రాస్తున్నాను, ఎందుకంటే ఈ రోజు చేతిలో పార కూడా కనిపించింది.

పట్నాయక్ గారిని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చూడాల్సినంత సేపు చూడలేదు. "పితృపక్షం కదమ్మా, మరక కనిపించినా పెద్దలే అనిపిస్తారు" అన్నారు. "మిషను ఏమంటోంది?"

"దయ్యం అంటోంది సార్."

"మరింకేం."

ఫోన్లో ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

బహుళ పంచమి

కుళాయి దగ్గర తవిటమ్మ పట్టుకుంది. మా వీధి చివరింట్లో ఉంటుంది, నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కలాంటిదని అప్పా అంటాను. భర్త కూర్మయ్య మడిలో ఉప్పు గోకేవాడు. రెండేళ్ళ కిందట ఒక పొద్దున్న పనికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ రోజు మడి ఫోటో శుభ్రంగా ఖాళీగా ఉంది కాబట్టి పడవెక్కి వెళ్ళిపోయాడని తేల్చారు. అతనితోపాటు అతని పార కూడా కనపడకపోయేసరికి ఊరికి నవ్వుకోవడానికి ఒక మాట దొరికింది: పార పట్టుకుని పారిపోయాడు. తవిటమ్మ ఎదురుగానే అంటారు. నేను ఈ ఉద్యోగంలోకి రాకముందు సంగతిది. నేనూ ఆ మాటకు నవ్విన దాన్నే.

"సన్నేసమ్మా, నీకు సదువుంది, నువ్వు సెప్పు" అంది. "అమాసకి పెద్దలకి పెట్టుకోవాల. మాయనకి నీరు ఒదలాలా, వొద్దా? బతికున్నోడికి ఒదిలితే సంపేసినట్టు. సచ్చినోడికి ఒదలకపోతే దాహంతో తిరుగుతాడు. పోయినేడు ఒదల్నేదు. ఏడాదంతా నాకు నీరు గొంతు దిగనేదు."

ఆమె బిందె నా బిందె కంటే చిన్నది. ఒంటరి మనిషి వాటా అంతే.

నోరు మూసుకుని రావలసింది. నాకు ఆ గుణం లేదు. "అప్పా, మీ ఆయన పార ఏ చేత్తో పట్టేవోడు?" అని అడిగాను.

"ఎడం సెయ్యి. ఎందుకూ?"

ఏం లేదన్నాను. ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. నేను చూసిన మనిషి ఎడమచేతి వాటం వాడు.

బహుళ అష్టమి

ఈ రోజు అతను కెమెరా వైపు తిరిగాడు.

ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట ఉప్పు మెరుపు చీకటి ఫోటోని కూడా దాటిపోయింది, అంటే అక్కడ నిజంగానే తెల్లబోయింది. ఎంత లాగినా బూడిదే. కానీ కుడిచెయ్యి స్పష్టంగా ఉంది. ఎత్తి ఉంది. అరచెయ్యి కిందికి, వేళ్ళు కొంచెం వంగి. మనం ఎవరినైనా రమ్మని పిలిచేటప్పుడు అలాగే ఆడిస్తాం. ఆగు, మెల్లగా అని చెప్పేటప్పుడూ అలాగే ఆడిస్తాం. ఆడితేనే తేడా తెలుస్తుంది. ఫోటోలో చెయ్యి ఆడదు.

మధ్యాహ్నం తవిటమ్మని పైకి తీసుకువచ్చాను. అది తప్పో ఒప్పో అప్పుడు ఆలోచించలేదు, ఆమె ఆ బిందె మోసుకుంటూ పోతుంటే చూడలేకపోయాను. మిషను తుడవకముందే పక్కన దాచుకున్న చీకటి ఫోటో చూపించాను. ఆమె తెర దగ్గరికి వెళ్ళి ఆ భుజం మీద వేలు పెట్టింది. ఏడవలేదు.

"భుజం ఒంగినాది సూడు, ఆ పక్కకి. మాయనే" అంది. తరవాత ముఖం వెలిగింది. రెండేళ్ళలో ఆ ముఖంలో వెలుగు నేను చూడలేదు. "ఎల్లిపోనేదు. సూసినావా, ఎక్కడికీ ఎల్లిపోనేదు. రమ్మంతన్నాడు."

"ఆగమంటున్నాడేమో అప్పా."

"నాను పాతికేళ్ళు సూసిన సెయ్యి అది. నాకు తెల్దేటి."

మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె తనలో తాను మాట్లాడుకుంటూనే ఉంది. నాకు భయం వేసింది, ఆ ఫోటోకి కాదు, ఆమె సంతోషానికి.

బహుళ దశమి

ఈ రోజు పని చేస్తుంటే బుర్రలో ఒక సంగతి తట్టింది.

ఐదు ఫోటోల్లో నాలుగింటిలో బండ నడిమధ్య తెల్లబోతుంది. అక్కడేముందో కనిపించేది ఐదోదానిలో, చీకటిదానిలో ఒక్కదానిలోనే. మరి ఆ చోట నిజంగా మనిషి నిలబడ్డా ఒక్క ఫోటోలోనే ఉంటాడు కదా. మిషను దయ్యమనే అంటుంది. తుడిచేస్తుంది. అంచున నిలబడితే రెండు మూడింటిలో పడతాడు, నిజమవుతాడు. నడిమధ్య నిలబడితే ఏనుగైనా దయ్యమే.

పట్నాయక్ గారికి కాగితం మీద బండ గీసి చూపించాను. ఆయనకి చెప్పక్కర్లేదు, నా కంటే చదువుకున్న మనిషి. సగం గీయకముందే అర్థమయింది. అర్థం కానట్టు కూర్చున్నారు.

"ఆ రూలు తీసేస్తే ఏమవుతుందో తెలుసా" అన్నారు. "కాకి ఎగిరితే వెలుగు ఆగిపోతుంది. ఆవిరి కదిలితే ఆగిపోతుంది. వారానికి రెండు రోజులు నీళ్ళు వస్తే గొప్ప. పసిపిల్లలున్న ఇళ్ళున్నాయి సన్యాసమ్మా."

"చీకటిదాన్ని ఒక మనిషి కళ్ళతో చూస్తే చాలు కదా సార్. మిషనుకి ముందు."

"నువ్వు చూస్తూనే ఉన్నావు కదా. చూసి ఖాళీ అనే చెబుతున్నావు."

ఆయన అన్నది నిజం. రోజూ దిగి వెళ్ళి, బండ మీద ఎవరూ లేరని చూసి వచ్చి, ఆ ఒక్క ధైర్యంతో చెబుతున్నాను.

లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు. "ఆ రోజు ఇక్కడ కూర్చున్నది నేనే" అన్నారు. "ఫోటో శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా ఉందంటే, అతుకు బాగా కుదిరిందని సంతోషించాను."

బహుళ త్రయోదశి

ఎలా వస్తే అలా రాస్తాను.

పొద్దున్న దిగి బండ చూసి వచ్చాను. ఎవరూ లేరు. పైకి ఎక్కి నల్లద్దాలు పెట్టుకుని పల్చటి వెలుగు వేయించుకున్నాను. ఐదు ఫోటోలు తీశాను. చీకటిదానిలో ఇద్దరున్నారు. ఒకరు నిలబడి, చెయ్యెత్తి. ఇంకొకరు పక్కన కూర్చుని, తల మీద చీర చెంగు కప్పుకుని.

మిషను ఇద్దరినీ తుడిచింది. బండ తెల్లగా, నున్నగా వచ్చింది.

"దయ్యాలు పోయాయా?" మెట్ల కింద నుంచి రోజూ వచ్చే ప్రశ్న.

"సార్, లోపల మనిషి ఉన్నట్టుంది."

"ఎన్నింటిలో పడింది?"

"ఒక్కదానిలోనే."

ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. ఆయన వచ్చి శుభ్రమైన ఫోటో చూస్తారు, ఊళ్ళో పసిపిల్లలు గుర్తుకు వస్తారు, ఫోన్ ఎత్తుతారు. వాదించడానికి వ్యవధి లేదు. ఫోన్ రిసీవర్‌ని తీగతో సహా పీకి చంకలో పెట్టుకుని రెండో వైపు మెట్ల మీంచి పరిగెత్తాను. వెనక నుంచి ఆయన పిలుస్తూనే ఉన్నారు.

పల్చటి వెలుగులోకి అడుగు పెట్టడం అదే మొదటిసారి. నల్లద్దాల వెనక కూడా ఏమీ లేదు, అంతా తెలుపు. కాళ్ళ కింద పలక తగులుతోంది కాబట్టి ఉన్నానని తెలుస్తోంది. పలక అయిపోయాక అదీ లేదు. ఉప్పు చెప్పుల్లోంచి కాలుతోంది. "అప్పా" అని అరిచాను.

"ఇక్కడున్నాను" అంది తవిటమ్మ, ఇంట్లో కూర్చుని పలికినట్టు. గొంతు వచ్చిన వైపు వెళ్ళి బాగా దగ్గరికి వంగితే కనిపించింది: కళ్ళు మూసుకుని, చెంగు కప్పుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను బండ చూసి వెళ్ళేదాకా గొట్టాల చాటున దాక్కుందట. "ఇక్కడే కదా నిలబడతాడు. వస్తాడు, ఉండు" అంది. పక్కన ఎవరూ లేరు. చేత్తో తడిమి చూశాను, గాలి తప్ప ఏదీ తగల్లేదు.

ఆమె రెక్క పట్టుకుని లేపబోయాను, లేవలేదు. ఎటు నుంచి వచ్చానో, పలక ఎటుందో నాకే తెలియలేదు. ఆ తెలుపులో దూరంగా కనిపించేది ఒక్కటే, చిన్న నల్లచుక్క. అది మా కెమెరా కిటికీ. పట్నాయక్ గారు ఇంకో ఫోన్ వెతుక్కుంటారేమో అనిపించింది. ఆ చుక్క వైపు తిరిగి చెయ్యెత్తాను. ఆగండి, మేమున్నాం, ఆగండి అని ఆడించాను. అప్పుడు అర్థమైంది నాకు, నేనేం చేస్తున్నానో. ఈ చెయ్యిని నేను అష్టమి నుంచీ చూస్తున్నాను.

"అప్పా" అన్నాను. "ఆయన రమ్మన్లేదు. ఆగమన్నాడు. నిన్ను కాదు, కెమెరా దగ్గర కూర్చునే మమ్మల్ని."

ఆమె తల మీది చెంగు సర్దుకుంది. తరవాత తనే లేచింది. తనే నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి వెలుగు దానంతటదే తప్పుకుంది, పలక కనిపించింది, నడిచి వచ్చేశాం. ఊరికి ఈ పూట నీళ్ళు లేవు. ఒక్కరు కూడా నా మొహం చూడటం లేదు.

బహుళ చతుర్దశి

మేం లోపలున్నప్పుడు మిషను ఊరుకోలేదు. దాని వేళకి అది మళ్ళీ ఐదు తీసి, అతికి, శుభ్రం చేసి పెట్టింది. ఈ రోజు తవిటమ్మని కూర్చోబెట్టి, పట్నాయక్ గారిని పిలిచి, ముగ్గురం కలిసి చూశాం.

ముందు చీకటిది. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు కూర్చుని, ఒకరు చెయ్యెత్తి నిలబడి. అతను లేడు. అతను రోజూ నిలబడే చోట నేను నిలబడి ఉన్నాను. ముఖం ఉండాల్సిన చోట మెరుపు. నా ముఖం కూడా తెల్లబోయింది.

"నా చెయ్యి చూస్తే మీకేమనిపిస్తోంది సార్?" అని అడిగాను.

పట్నాయక్ గారు చాలాసేపు చూశారు, ఈసారి చూడాల్సినంత సేపు. "పిలుస్తున్నట్టుంది" అన్నారు.

తరవాత అతికినది. బండ, ఉప్పు, నడక పలక, గొట్టాలు, గట్టు. అన్నీ వివరంగా ఉన్నాయి. బూడిద అంచు కూడా లేదు. నేను అతికినా అంత బాగా కుదరదు. దానిలో మేం లేం. నేను నిలబడ్డ చోట ఉప్పు గింజలు ఒక్కొక్కటీ మెరుస్తున్నాయి. నన్ను నేను అంత లేకుండా ఎప్పుడూ చూడలేదు.

"ఫోన్ ఉండి ఉంటే చెప్పేసేవాణ్ణి" అన్నారు పట్నాయక్ గారు. ఎవరూ అడగలేదు, ఆయనే అన్నారు. "ఇది చూసి చెప్పేసేవాణ్ణి. ఆ రోజు చెప్పినట్టే."

ఆయన లేచి తవిటమ్మ ఎదురుగా నిలబడ్డారు. చేతులు జోడించబోయారో, ఏమో, సగంలో ఆగిపోయాయి. ఆమె ఆయన్ని చూడలేదు. తెరనే చూస్తోంది.

"ఆ దినం నీరు వొచ్చినాదా బాబూ, ఊరికి?" అని అడిగింది.

"వచ్చింది."

"నానూ తాగినాను" అంది తవిటమ్మ. "మాయన ఇంకా రానేదని ఎదురు సూస్తా, గుమ్మంలో కూకొని, రెండు గళాసులు తాగినాను."

ఆ రోజు ఊరంతా తాగింది. నేనూ తాగాను. వెళ్ళేటప్పుడు ఆమె ఒకటే అడిగింది, ఫోటో అచ్చు వేసి ఇమ్మని. అతని నీడ పడిన పాత చీకటి ఫోటో తీసి ఇవ్వబోయాను. వద్దంది. ఇప్పుడు తెర మీదున్న, శుభ్రం చేసినదే కావాలంది.

అమావాస్య

పొద్దున్న చీకటి ఫోటోని మిషనుకి ముందు నా కళ్ళతోనే చూశాను. పట్నాయక్ గారు కూడా నా పక్కనే నిలబడి చూశారు. ఇక రోజూ అలాగే చూస్తామన్నారు, పైవాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. బండ మీద ఎవరూ లేరు. అయినా మళ్ళీ బిగించిన ఫోన్లో ఆ మాట నా నోట రాలేదు. ఆయనే చెప్పారు.

డ్యూటీ దిగి తవిటమ్మ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద విస్తరి వేసి, అన్నం, గుమ్మడి కూర వడ్డించి పెట్టింది. తన వాటా చెంబులో తెచ్చుకుని, నువ్వులు వేసి, ఆ నీళ్ళు చేతి మీంచి వదిలింది. మెల్లగా, ఒక్క చుక్క ఒలకకుండా వదిలింది. ఇంత నీరు ఒక్కసారి నేల మీద పోయడం నేను ఈ గట్టు మీద చూడలేదు. పక్కింటి సూరీడమ్మ వచ్చి తవిటమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పార మాట మొదట పుట్టింది ఆమె నోట్లోనే అంటారు. ఈ రోజు ఆ మాట ఎత్తలేదు.

లోపల గోడకి పటం కట్టించి పెట్టింది. తెల్లటి బండ, నడక పలక, గొట్టాలు. బండ మధ్య, అద్దం మీద, కుంకుమ బొట్టు పెట్టింది.

"ఎవలదమ్మా పటం, మనిసే నేడు?" అంది సూరీడమ్మ.

"మాయనది" అంది తవిటమ్మ.

గన్నేరుపూల దండ తెచ్చి పటానికి వేసింది. కూర్మయ్యకని వేసింది. ఆ పటంలో కనపడకుండా తవిటమ్మ కూడా కూర్చుని ఉంది, పక్కన నేను చెయ్యెత్తి నిలబడి ఉన్నాను. దండ ముగ్గురి మీదా పడింది. నేను వద్దనలేదు.